మూత మీద 95, పుస్తకంలో 91: కారుకు ఏ పెట్రోల్ పోయాలి?

ఎనిమిది నెలల కిందట సెకండ్‌హ్యాండ్ కారు కొన్న ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. కారు 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్, 64,000 కిలోమీటర్లు తిరిగింది. డబ్బులో సగం ఆమెది, సగం అన్నయ్యది. వారమంతా ఆమె నడుపుతారు, ఆదివారం అన్నయ్య తీసుకెళతారు. కారుతో పాటు మాన్యువల్ రాకపోవడంతో అదే మోడల్‌ది ఇంటర్నెట్‌లో వెతికి దించుకున్నారు. అందులో పెట్రోల్ ఆక్టేన్ నంబరు (తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) ‘కనీసం 91’ అని ఉంది. బంకులో 91, 95, 98 మూడు రకాలూ కనిపిస్తే 91 కొట్టించారు. ఐదు నెలలు గడిచాక, నలుగురు ఎక్కి మూడో గేర్‌లో ఎత్తు ఎక్కుతుంటే ‘డబ్బాలో గవ్వలు వేసి ఆడించినట్టు’ చప్పుడు మొదలైంది. పెట్రోల్ మూత దగ్గర, తలుపు లోపలివైపు అంటించిన స్టిక్కర్ అప్పుడు చూశారు. దాని మీద ‘కనీసం 95 ఆర్‌ఓఎన్’ అని ఉంది. వెంటనే 95కి మారారు. చప్పుడు చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాదు, ఎండలో గంటసేపు నడిపాక వస్తుంది.

ఇక ఇంట్లో సంగతి. 98 తప్ప మరొకటి పోయొద్దని, అదీ ఒక్క కంపెనీదే పోయాలని అన్నయ్య పట్టు. అన్ని కంపెనీల పెట్రోలూ ఒకే డిపోనుంచి వస్తుంది, పేరు మార్చి అమ్ముతారంతే అని నాన్నగారు. ప్రతి ట్యాంకుకూ ఒక ఆక్టేన్ బూస్టర్ సీసా కలపమని మెకానిక్. ‘ఇంట్లో కారు పేరెత్తితే గొడవే. ఇంజన్‌ను నేనే పాడుచేశానా? ఏ నంబరు, ఏ కంపెనీ పోయాలి?’ అని ఆమె ప్రశ్న. చివర్లో ఇంకో మాట కూడా అడిగారు. నాన్నగారి పాత కార్బురేటర్ స్కూటర్ నెలల తరబడి కదలకుండా ఉంటుందట, దానికేం పోయాలని.

సమాధానం:

మీరు చేసిన తప్పు మీరనుకుంటున్నంత పెద్దది కాదండీ. మాన్యువల్ వెతికి, చదివి, అందులో ఉన్నట్టే చేశారు. చిక్కంతా ఆ మాన్యువల్ వేరే దేశపు మార్కెట్‌కు రాసింది కావడంలో ఉంది. పుస్తకంలోని 91, మీ మూత మీది 95 దాదాపు ఒకే పెట్రోల్. కొలిచే కొలబద్దలు వేరు.

ఆక్టేన్‌ను ప్రయోగశాలలో ఒకే సిలిండర్ ఉన్న ప్రత్యేకమైన ఇంజన్‌లో రెండు రకాలుగా కొలుస్తారు. నిమిషానికి 600 చుట్లతో తేలికపాటి పరిస్థితుల్లో కొలిస్తే వచ్చేది ఆర్‌ఓఎన్. 900 చుట్లతో, లోపలికి వెళ్లే గాలి-పెట్రోల్ మిశ్రమాన్ని దాదాపు 149 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి కొలిస్తే వచ్చేది ఎంఓఎన్. రెండోది కఠినమైన పరీక్ష కాబట్టి అదే పెట్రోల్‌కు నంబరు ఎనిమిది, పది తక్కువ వస్తుంది. చాలా దేశాల్లో బంకు మీద ఆర్‌ఓఎన్ రాస్తారు. అమెరికా, కెనడాల్లో రెండింటి సగటు రాస్తారు. దాన్నే ఏకేఐ అంటారు. 95 ఆర్‌ఓఎన్ ఉన్న పెట్రోల్‌కు ఎంఓఎన్ 85 నుంచి 87 దాకా ఉంటుంది, సగటు తీస్తే 90 లేదా 91. మీ పుస్తకంలో ఉన్నది ఆ 91. మీ బంకులో రాసిన 91 మాత్రం ఆర్‌ఓఎన్, అంటే ఏకేఐ లెక్కలో 87కు దగ్గర. పుస్తకాన్ని మళ్లీ తెరిచి ఆ నంబరు పక్కన ‘ఆర్ ప్లస్ ఎం బై రెండు’ అని గానీ ఏకేఐ అని గానీ ఉందేమో చూడండి. ఉంటే అన్నయ్యకు అదే పేజీ చూపించండి. మీరు నిర్లక్ష్యం చేయలేదని ఆ ఒక్క పేజీ చెబుతుంది.

ఇకమీద మూత స్టిక్కర్‌నే నమ్మండి, అది మీ కారుతో పాటు ఫ్యాక్టరీనుంచి వచ్చింది. అందులో ‘కనీసం’ అన్న మాట ముఖ్యం. కొన్ని కార్లకు ‘98 సిఫారసు, కనీసం 95’ అని రెండు నంబర్లు ఉంటాయి. అక్కడ 98 పోస్తే బరువు మీద కొంచెం పికప్ పెరుగుతుంది, 95 పోసినా ఇంజన్‌కు ఏమీ కాదు. మీది ఒకే నంబరు, అదీ కనీసం. అంతకు దిగకూడదు. అంతకు పైకి వెళ్లడం మీ ఇష్టం.

అన్నయ్య పట్టుదల వెనక చాలామందికున్న నమ్మకమే ఉంది: నంబరు పెరిగితే పెట్రోల్‌లో బలం పెరుగుతుందని, శుభ్రత పెరుగుతుందని. ఆక్టేన్ ఆ రెండింటినీ కొలవదు. ఒత్తిడికి, వేడికి తట్టుకుని స్పార్క్ వచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా ఉండే ఓపికను కొలుస్తుంది. మామూలుగా స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ గోడలవైపు పాకుతుంది. టర్బో ఇంజన్‌లో గాలిని ముందే కుక్కి పంపిస్తారు కాబట్టి ఒత్తిడి, వేడి ఎక్కువ. పెట్రోల్‌కు ఓపిక చాలకపోతే, మంట ఇంకా చేరని మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ ఒత్తిడి అల సిలిండర్ గోడల్ని కొట్టే చప్పుడే మీరు విన్న గవ్వల శబ్దం. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే.

మరి ఐదు నెలల్లో ఇంజన్ పాడైందా? మీ తరం కారులో ఇంజన్ బ్లాక్‌కు బిగించిన నాక్ సెన్సర్ ఉంటుంది. అది ఈ చప్పుడు వినగానే కంప్యూటర్ స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది, అవసరమైతే టర్బో ఒత్తిడి తగ్గిస్తుంది. ఇంజన్ బతుకుతుంది కానీ పికప్, మైలేజీ పడిపోతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు అప్పుడప్పుడూ వినిపించిన తేలికపాటి చప్పుడుతో ఇంజన్ పోవడం అరుదు. అయినా ఊహించుకుంటూ కూర్చోవద్దు, ప్లగ్‌లు విప్పించి చూడండి. మధ్యలో ఉండే తెల్లటి పింగాణీ లేత గోధుమరంగులో శుభ్రంగా ఉంటే మంచి సంకేతం. దాని మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వెండిలా మెరిసే సన్నటి బొట్లు కనిపిస్తే, లేదా పింగాణీ పగిలి ఉంటే నాకింగ్ గట్టిగానే జరిగిందని అర్థం. మెరిసే బొట్లు పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. అలా ఉంటే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించండి. అన్ని సిలిండర్లూ దాదాపు సమానంగా చూపాలి. ఏ ఒక్కటైనా మిగతావాటికంటే నాలుగో వంతు తక్కువ చూపితే ఇంజన్ లోపల పని ఉన్నట్టే.

అసలు ఆలోచించాల్సింది 95 పోశాక కూడా మిగిలిపోయిన చప్పుడు గురించి. ఇంట్లో ముగ్గురూ పెట్రోల్ గురించే వాదించుకుంటున్నారు, కానీ దీనికి కారణం పెట్రోల్ కాకపోవచ్చు.

మొదట అది నాకింగేనా అన్నది తేల్చండి. కారు ఆపి న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ నెమ్మదిగా పెంచండి. ఒక వేగం దగ్గర అదే చప్పుడు వస్తే సైలెన్సర్ పైపు మీద ఉండే హీట్ షీల్డ్ రేకు వదులై కొట్టుకుంటోందన్నమాట. నాకింగ్‌కు బరువు కావాలి, ఖాళీగా రేజ్ చేస్తే రాదు. రేకు శబ్దాన్ని నాకింగ్ అనుకుని నెలల తరబడి ఖరీదైన పెట్రోల్ పోసేవాళ్లు చాలామందే ఉంటారు.

రెండోది గేరు. మూడో గేర్‌లో 1,300 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఏ టర్బో ఇంజనైనా ఇబ్బంది పడుతుంది. రెండో గేర్‌కు దించి 2,500 దగ్గర అదే ఎత్తు ఎక్కండి. చప్పుడు మాయమైతే సగం సమస్య నడపడంలోనే ఉంది, పైసా ఖర్చు లేకుండా తీరిపోతుంది. అన్నయ్య నడిపేటప్పుడు కూడా ఇదే పాటించాలి. ఇక వరసగా గవ్వల శబ్దం కాకుండా తక్కువ వేగంలో ఒక్కసారి ‘ధన్’మని గట్టిగా కొట్టి ఆగిపోతే అది వేరే జబ్బు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో, స్పార్క్‌కు ముందే మిశ్రమం అంటుకోవడం వల్ల వస్తుంది. దానికి ఆక్టేన్‌కంటే ఇంజన్ ఆయిల్ ముఖ్యం. ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్‌ను 2020 నుంచి తెచ్చిన కారణాల్లో ఇదొకటి. మీ డబ్బా మీద ఆ అక్షరాలు ఉన్నాయేమో చూడండి.

చల్లగా ఉన్నప్పుడు రాకుండా ఎండలో గంట తర్వాత రావడం మంచి ఆధారం. వేడి పెరిగినకొద్దీ నాకింగ్ పెరుగుతుంది. కాబట్టి కూలెంట్ మట్టం, థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ చూపించండి. టర్బోనుంచి వచ్చే వేడిగాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు అడ్డుపడ్డాయేమో చూడమనండి. పాత యజమాని వేయించిన ప్లగ్‌లు మీ ఇంజన్‌కు చెప్పిన హీట్ రేంజ్‌వేనా (ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే కొలత) అన్నది ప్లగ్ మీది నంబరును మాన్యువల్‌తో పోల్చితే తెలుస్తుంది. తప్పు ప్లగ్ మొన ఎర్రగా కాలి మిశ్రమాన్ని ముందే అంటించగలదు. ఇంజెక్టర్ సగం మూసుకుపోయి పెట్రోల్ తక్కువ పడినా, గాలి గొట్టం ఎక్కడైనా చిట్లినా ఇదే చప్పుడు. పిస్టన్ల మీద కార్బన్ పేరుకుంటే లోపలి చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు అదే ఇంజన్ ముందుకంటే ఎక్కువ ఆక్టేన్ అడుగుతుంది. 64,000 కిలోమీటర్లకు ఇది అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

95లోనే ఉండి పైన చెప్పినవి ఒక్కొక్కటిగా చూపించడం ఒకటి. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఒకేసారి రెండు మార్చవద్దు. ప్లగ్‌లూ పెట్రోలూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

98ని మందులా కాకుండా పరీక్షలా వాడటం ఇంకోటి. అన్నయ్యకూ ఇది నచ్చుతుంది. ట్యాంకు అడుగంటేదాకా ఖాళీ చేసి, రెండు ట్యాంకులు వరసగా 98 పోయండి. మొదటి ట్యాంకులో పాత పెట్రోల్ కొంత కలుస్తుంది, కంప్యూటర్ కూడా కొత్తదానికి అలవాటు పడటానికి కొంత దూరం తీసుకుంటుంది. రెండో ట్యాంకు సగంలో అదే ఎత్తు, అదే గేరు, అంతే మంది, అంతే ఎండలో ఎక్కండి. చవక ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) తగిలించి ఫోన్‌లో ఇగ్నిషన్ టైమింగ్ అంకె, అంటే స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందుగా పడుతోందో చూడండి (మీరు నడుపుతుంటే పక్కన కూర్చున్నవారు రాసుకోవాలి). అదే ఎత్తు మీద 95తో 6 డిగ్రీలు చూపి, 98తో 11 చూపిందనుకోండి, 95 మీద ఇంజన్ వెనక్కి తగ్గుతోందని తేలినట్టే. దేనికి తగ్గుతోందన్నది ప్లగ్‌లూ కూలెంటూ చెప్పాలి. రెండింటికీ అంకె మారకపోతే 98 వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

ఎప్పటికీ 98 పోయడం మూడో దారి. ఇంజన్‌కు ఏ హానీ లేదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కూలెంట్ కారడం వల్లో ఇంజెక్టర్ వల్లో నాకింగ్ వస్తుంటే 98 ఆ చప్పుడును కప్పేస్తుంది, లోపల జబ్బు పెరుగుతూనే ఉంటుంది. అందుకే కారణం తెలుసుకోకుండా ఈ దారి ఎంచుకోవద్దని నా అభిప్రాయం.

ఎప్పుడైనా 95 దొరకక 91, 98 మాత్రమే ఉంటే కలపవచ్చు. ఆక్టేన్ దాదాపు సగటు లెక్కలోనే కలుస్తుంది. 40 లీటర్లలో 16 లీటర్లు 91, 24 లీటర్లు 98 అయితే సుమారు 95.2. పొరపాటున పోసిన 91 ట్యాంకులో 10 లీటర్లు ఉంటే పైన 15 లీటర్లు 98 పోస్తే సరిపోతుంది. అప్పటిదాకా ఎత్తుల్లో చిన్న గేర్ వేసి, యాక్సిలరేటర్ సగానికి మించి తొక్కకుండా నడపండి.

మెకానిక్ చెప్పిన బూస్టర్ సీసా కొనేముందు దాని మీద రాసింది జాగ్రత్తగా చదవండి. ‘3 పాయింట్లు పెంచుతుంది’ అని ఉంటే 95 కాస్తా 98 అవుతుందనుకుంటాం. చాలా సీసాల మీద పాయింటు అంటే ఆక్టేన్ నంబరులో పదో వంతు. మూడు పాయింట్లంటే 95 నుంచి 95.3. పైగా మాంగనీస్ లేదా ఇనుము కలిసిన రకాలు ప్లగ్ పింగాణీ మీద ఎర్రటి ఇటుకపొడిలాంటి పూత పెడతాయి. అది కరెంటును పక్కదారి పట్టించి మిస్‌ఫైర్ తెప్పిస్తుంది. 98 దొరికే చోట బూస్టర్‌కు పని లేదు.

కంపెనీ విషయంలో నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. అసలు పెట్రోల్ తరచూ ఒకే పైపులైన్‌లో, ఒకే డిపోకు వస్తుంది, వేర్వేరు కంపెనీల ట్యాంకర్లు అక్కడే నింపుకుంటాయి. తేడా వచ్చేది ట్యాంకర్ నింపేటప్పుడు ఒక్కో కంపెనీ కలిపే క్లీనింగ్ మందులో, దాని రకంలో, మోతాదులో. ఈ తేడా నిజమైనదే. ప్రభుత్వం పెట్టిన కనీస మోతాదు చాలదని కొన్ని కార్ల కంపెనీలు 2004లో అమెరికాలో ‘టాప్ టియర్’ అనే కఠినమైన ప్రమాణం తెచ్చాయి. అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో పోల్చి చూస్తే, ఆ ప్రమాణం లేని పెట్రోల్‌తో ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్‌లోకి గాలిని వదిలే వాల్వులు) మీద సగటున 19 రెట్లు ఎక్కువ మడ్డి పేరుకుంది. టాప్ టియర్ ముద్ర వేసుకునే కంపెనీ తన అన్ని గ్రేడుల్లోనూ ఆ మందు కలపాల్సిందే. శుభ్రత కోసం 98కి ఎక్కనవసరం లేదు.

కానీ మీ కారుకు ఒక చిన్న తేడా ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది, ఇన్‌టేక్ వాల్వు వెనక భాగాన్ని తాకనే తాకదు. ఎంత మంచి కంపెనీ పెట్రోలైనా అక్కడి కార్బన్‌ను కడగలేదు. దానికి మ్యానిఫోల్డ్ (ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే గొట్టాల అమరిక) విప్పి, అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. పికప్ తగ్గి, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ వణుకుతుంటేనే ఆ పని పెట్టుకోండి. క్లీనింగ్ మందు మీ కారులో మేలు చేసేది ఇంజెక్టర్ మొనలకు. పిస్టన్ తలలకు కూడా కొంతవరకు. పాలీఈథర్‌ఎమీన్ ఉన్న క్లీనర్ సీసా ఆయిల్ మార్చే ముందు ట్యాంకులో ఒకటి, కంపెనీ చెప్పిన కొలతకు మించకుండా పోస్తే చాలు. ఆ వెంటనే ఆయిల్ మారుస్తారు కాబట్టి అందులోకి దిగిన మడ్డీ పోతుంది.

కాబట్టి కంపెనీని ఎంచుకోండి, కానీ ఒక్కదానికే కట్టుబడకండి. కంపెనీ పేరుకంటే బంకు ఎలా ఉందన్నది రోజూ పనికొచ్చే ప్రశ్న. అమ్మకం ఎక్కువున్న బంకులో పెట్రోల్ తాజాగా ఉంటుంది. 98 తక్కువమంది కొట్టించే చోట అది భూమిలోని ట్యాంకులో చాలా రోజులు నిల్వ ఉండవచ్చు. ట్యాంకర్ దించుతున్నప్పుడు అడుగున మురికి కదులుతుంది, అప్పుడు కాకుండా కాసేపాగి వెళ్లండి. మైలేజీ పోల్చాలంటే డ్యాష్‌బోర్డు అంకెను నమ్మవద్దు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర మొదటిసారి ‘టక్’మని ఆగేదాకా నింపి, కిలోమీటర్లను లీటర్లతో భాగించండి, కనీసం మూడు ట్యాంకులు. పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతో కూడా రాసుకోండి. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌కంటే మూడో వంతు తక్కువ కాబట్టి 10 శాతం కలిపితే మైలేజీ 3 శాతం వరకు, 20 శాతం కలిపితే 6, 7 శాతం వరకు తగ్గడం సహజం. అది కంపెనీ మోసం అనుకోవద్దు.

నాన్నగారి స్కూటర్‌కు 91 చాలు, దాని ఇంజన్‌లో ఒత్తిడి తక్కువ. దాని బాధ నిల్వ వల్ల వచ్చేది. నెలల తరబడి నిలిచిన పెట్రోల్‌లో తేలికగా ఆవిరయ్యే భాగం పోతుంది, మిగిలింది కార్బురేటర్ జెట్‌లలో జిగురులా అంటుకుంటుంది. ఇథనాల్ ఉంటే తేమను కూడా పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇథనాల్ తక్కువున్న పెట్రోల్ దొరికితే దీనికి అదే పోయండి. నెలకు మించి పక్కన పెడుతున్నప్పుడు పెట్రోల్ కాక్ మూసి, స్కూటర్ స్టార్ట్ చేసి, తనంతట తాను ఆగిపోయేదాకా వదిలేయండి. కార్బురేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. ట్యాంకును మాత్రం నిండుగా ఉంచండి, ఖాళీ చోటు ఎంత ఉంటే అంత తేమ చేరుతుంది.

నడుపుతుండగా ఇంజన్ లైటు వెలిగి ఆరుతూ మెరిస్తే, లేదా చప్పుడు చదునైన రోడ్డు మీద కూడా మొదలైతే యాక్సిలరేటర్ వదిలి పక్కకు ఆపండి, పరీక్షలన్నీ ఆ తర్వాతే. లేదంటే ఈ నెలంతా 95 మీదే ఉండి, హీట్ షీల్డ్, గేరు, కూలెంట్, ప్లగ్‌లు ఈ వరసలో చూపించి, ఆ తర్వాత అన్నయ్యతో కలిసి 98 పరీక్ష చేయండి. ప్లగ్‌ల ఫొటో, రెండు పెట్రోల్‌ల మీద టైమింగ్ అంకెలు, ఆ రోజు బయట ఎండ ఎంతో రాసి పంపితే, కార్బన్ శుభ్రం చేయించాలా వద్దా అన్నది అప్పుడు చెప్పగలను.